సున్నా చెప్పిన ముత్యాలు

తాళంచెవి నా బొడ్లోనే ఉంది. పోయిన వారం చదివినవాళ్లకు ఆ సంగతి తెలుసు. చదవనివాళ్లకు నాలుగు మాటల్లో చెప్తాను.

మా పెద్దమ్మాయి హర్షిత నర్సు. అశ్వారావుపేట దాటాక పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యేచోట ఇప్పలమడుగు అనే ఊరుంది. ఆ ఊరి సర్కారు దవాఖానాలో పని. మనిషి నొప్పిని ఎలా కనిపెట్టాలి, ఎలా తగ్గించాలి అన్న చదువు ఆరు వారాలు హైదరాబాదులో చదివి వచ్చింది. ఇప్పుడు అదే చదువును చుట్టుపక్కల ఊళ్ల నర్సమ్మలకు, ఆశా వర్కర్లకు ఒక్క రోజులో చెప్పాలి. ఆ చదువుతో పాటు జిల్లా నుంచి ఒక ఇనుప డబ్బా కూడా వచ్చింది. అందులో ఉన్నవి మార్ఫిన్ బిళ్లలు, క్యాన్సర్ నొప్పికి ఇచ్చేవి. డబ్బాకు రెండు తాళాలు. ఒక తాళంచెవి మందుల గదిలో కూర్చునే హరిలాల్ దగ్గర ఉంటుంది, రెండోది మా అమ్మాయి దగ్గర.

నేను చదివింది ఏడో తరగతి. మార్ఫిన్ అన్న మాట నేను విన్నదల్లా టీవీ వార్తల్లో, ఆ మాట వచ్చిన ప్రతిసారీ పక్కన పోలీసులు ఉండేవాళ్లు. పెళ్లి కావలసిన పిల్ల ఆ డబ్బా పక్కన నిలబడి సంతకాలు పెడుతుందంటే నాకు అన్నం సయించలేదు. అందుకని శిక్షణ రోజు పొద్దున్నే, అది తల దువ్వుకుంటుంటే, దాని బ్యాగులోంచి తాళంచెవి తీసి బొడ్లో దోపుకున్నాను. టిఫిన్ క్యారియర్ చేతపట్టుకుని, కొత్త మంది మధ్య తింటావో తినవో, నేనూ వస్తానని బస్సెక్కాను.

దవాఖానా డాక్టరు జయప్రకాశ్ గారు మధిర వైపు మనిషి. మాట మెత్తన, పట్టు గట్టిది. వచ్చిన పద్దెనిమిది మంది ముందు ఆయన మొదటే చెప్పేశారు.

"నాలుగింటికి జిల్లా జీపు వస్తుంది. ఈ మందు అవసరమైన మనిషిని మీరు గుర్తుపట్టగలరని నాకు నమ్మకం కుదిరితే డబ్బా ఇక్కడే ఉంటుంది. లేదంటే అదే జీపులో వెనక్కి పంపేస్తాను. అలమారలో పెట్టుకుని పూజ చేయడానికి కాదు."

ఆ జీపు నాలుగింటికి కాక మూడింటికే వస్తే బాగుండునని నేను వెనక బల్ల మీద కూర్చుని మొక్కుకున్నాను.

పాఠం చెప్పడానికి ఒక రోగిని పిలిపించారు. పేరు ముత్యాలు. కొత్తగూడెం బొగ్గుబాయిలో ముప్పై రెండేళ్లు చేసి, రిటైరయ్యాక భార్య బతుకమ్మ పుట్టిన ఊరికి వచ్చి ఇల్లు కట్టుకున్నాడు. క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. ఆయన కుర్చీలో కూర్చున్నాడు, బతుకమ్మ పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది.

హర్షిత ఒక అట్ట తీసి ఆయన ముందు పెట్టింది. ఆ అట్ట మీద వరసగా ఆరు ముఖాలున్నాయి. మొదటిది నవ్వుతుంటుంది, చివరిది ఏడుస్తుంటుంది. కింద సున్నా నుంచి పది వరకు అంకెలు.

"పెద్దనాయినా, సున్నా అంటే నొప్పి లేనట్టు. పది అంటే ఇగ నా వల్ల కాదన్నట్టు. నీకెంతుంది?"

ముత్యాలు ఆ అట్టను దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు.

"సున్నా."

"జర సరిగ్గ చూసి చెప్పు పెద్దనాయినా."

"సున్నకు సరిగ్గ చూసుడేంది బిడ్డా. గుండ్రంగ ఉంటది, ఎటు చూసినా ఒక్కటే."

పద్దెనిమిది మందీ నవ్వారు. వాళ్లలో అందరికన్నా పెద్దది నాగలతమ్మ. సత్తుపల్లి వైపు నుంచి వచ్చి పాతికేళ్లుగా ఈ ఊళ్లలో సూదులు వేస్తోంది. ఆమె పెన్ను మూత పెట్టేసింది.

"నొప్పి లేని మనిషికేమో మందు, మనకేమో రిజిస్టరు. బాగుందమ్మా హర్షితా."

హర్షిత చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పటి నుంచీ అంతే, ఏడుపు కళ్లలోకి రాకముందు చెవుల్లోకి వస్తుంది. డాక్టరు గారు గడియారం చూసుకుని, టీ తాగి రండి అన్నారు. కూతురు ఓడిపోతుంటే లోపల్లోపల సంతోషించిన తల్లిని నేను. ఆ సున్నా నా మొక్కుకు దొరికిన ఫలం అనుకున్నాను. డబ్బా పోతుంది, తాళంచెవి ఎక్కడిదక్కడ పెట్టేస్తాను, పీడ పోతుంది.

టీ మందుల గది ముందున్న రేకుల షెడ్డులో ఇచ్చారు. ముత్యాలుకు ఒక గ్లాసు అందించి నేనూ పక్కన కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం నాకు రాదు. మనిషి పక్కన కూర్చుంటే ఆ మనిషికి ఏమవుతుందోనని చూడడం నా అలవాటు. ఇద్దరు పిల్లల్ని పెంచిన ఇన్నేళ్లూ, ఆడుకుంటున్న పిల్ల మెడ చూసి రేపు జ్వరం వస్తుందని చెప్పేదాన్ని. మా ఆయన శ్రీశైలం, పాల్వంచ కరెంటు కేంద్రంలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు, నన్ను వాతావరణ శాఖ అని పిలుస్తాడు.

ముత్యాలు ఒక పక్క పిర్ర మీదే కూర్చున్నాడు. బరువంతా ఎడమ చేతి మీద వేశాడు. బతుకమ్మ పిలిస్తే మెడ తిప్పలేదు, ఒళ్లంతా కలిపి తిప్పాడు. ఎవరో కుర్చీ గీరిన చప్పుడుకి కళ్లు మూసుకున్నాడు. కాలి బొటనవేలు చెప్పును పట్టుకుని వదలడం లేదు. గ్లాసులో టీ మీద చిన్న చిన్న వలయాలు తిరుగుతున్నాయి. గాలి లేదు.

నా మొక్కు నోట్లోనే చేదైంది.

"అన్నా, నిజంగ నొప్పి లేదా?"

"సున్నా అని చెప్పిన గద చెల్లె. పద్దెనిమిది మంది సాక్ష్యం."

"మరి టీ ఎందుకు తాగుతలేవు?"

"సల్లారనీ."

"సల్లారింది. మీగడ కట్టింది."

ఆయన గ్లాసు వైపు చూశాడు. అప్పుడు నాకు తోచింది ఒక్కటే. నాకు తెలిసిన విద్య కూడా అదొక్కటే.

"నాకైతే అన్నా, అన్నిటికీ భయమే. బస్సు ఎక్కితే బోల్తా పడ్తదని భయం. మోటరు వేస్తే కరెంటు కొడ్తదని భయం. మా ఆయన చిమ్నీ పక్కన పనిచేస్తడు, ఆ చిమ్నీ పడ్తదని భయం. అది పడుడు కాదు, పడేటప్పుడు మా ఆయన దిక్కే పడ్తదని భయం."

ముత్యాలుకు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే నడుములో ఏదో పట్టుకుంది. భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకుని కరిచాడు. బతుకమ్మ వచ్చి వెనక నుంచి ఆయన రెండు భుజాలూ పట్టుకుంది. కాసేపటికి ఆయన తువ్వాలు వదిలాడు. దాని మీద పళ్ల గుర్తులు, కొత్తవే కాదు, పాతవి కూడా ఉన్నాయి.

"ఇది సున్ననా అన్నా?"

ఆయన గొంతు తగ్గించాడు. "చెల్లె, నీకు తెల్వదు. నంబర్ చెప్తే పంపిస్తరు."

"ఎటు?"

"బాయిల కూడ గంతే. దిగే ముందట డాక్టర్ సాబ్ అడిగేటోడు, ఎట్లున్నవ్ రా అని. నొప్పి అన్నోన్ని పైన ఉంచేటోళ్లు. లోపట మా గ్యాంగుల ఒక మనిషి తక్కువైతే ఆ బరువు మిగిలినోళ్ల మీద పడేది. అందుకని మేమెవ్వరం చెప్పకపోతుంటిమి. నడుం వంగకున్న సున్ననే. ముప్పై రెండేండ్లు సున్న చెప్పిన నోరు ఇది."

"ఇప్పుడు బాయి లేదు గద."

"అంబులెన్సు ఉన్నది గద." ఆయన బతుకమ్మ వైపు చూడకుండా చెప్పాడు. "మా గ్యాంగుల మోతీలాల్ అని ఉండె. పోయిన ఏడు గిట్లనే ఒక దవాఖానాల అట్ట సూపిచ్చిన్రంట. ఎనిమిది అన్నడు. గా దినమే పట్నం రాసిన్రు. మల్ల ఇంటి మొఖం చూడలే. నాకు పట్నం వద్దు. పొయ్యేదేదో మా ముసల్ది సర్వపిండి చేస్తుంటె ఆ వాసన చూసుకుంట నా ఇంట్లనే పోత. సున్న అంటే ఇల్లు చెల్లె. ఎనిమిది అంటే అంబులెన్సు."

బతుకమ్మ చీరకొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఈ మాట నాకు కూడ చెప్పలే వదినె. రెండు నెలలసంది తువ్వాలలు మారుస్తున్న, గంతే."

భయపడేవాళ్లు ఎలా అబద్ధం ఆడతారో నాకు తెలుసు. ఒకటి నా బొడ్లోనే ఉంది. అది అప్పుడు చర్మానికి గుచ్చుకుంది.

"ఎక్కడికీ పంపకుంట, మందే ఇంటికొస్తె ఎంత చెప్తవన్నా?"

ఆయన తువ్వాలు మడిచి భుజం మీద వేసుకున్నాడు.

"తొమ్మిది. నిన్న పది దాటింది. మీ పిల్ల అట్ట మీద ఆ లెక్క లేదు."

నేను లేచి హర్షిత దగ్గరకు పోయాను. గోడ వైపు తిరిగి అట్టలు సర్దుకుంటోంది. చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. విన్నదంతా చెప్పాను. అది నా ముఖంలోకి చూసి, "నంబర్ అడిగిన గని, ఆ నంబర్‌తోని నేనేం చేస్తనో ఆయనకు చెప్పలే" అంది. పరుగున పోయి ఆయన కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. నర్సమ్మలందరూ గ్లాసులు పట్టుకునే చుట్టూ చేరారు.

"పెద్దనాయినా, నువ్వు పది చెప్పినా, వంద చెప్పినా, నువ్వు వద్దంటే నిన్ను ఎక్కడికీ పంపం. మందు ఈడనే ఇస్తం. రేపటి నుంచి మీ ఊరి ఆశమ్మ వచ్చి చూసిపోతది. పట్నం పోవాల్సిన పనేదైనా పడితే మొదలు నిన్ను, పెద్దమ్మను అడుగుతం. ఈ మాట నీ కార్డు మీద రాసి సంతకం పెడ్తున్న, చూడు."

రాసింది. బతుకమ్మకు చదివి వినిపించింది. ముత్యాలు ఆ సంతకాన్ని వేలితో తడిమాడు.

"తొమ్మిది బిడ్డా" అన్నాడు.

పద్దెనిమిది మందిలో ఒక్కరూ నవ్వలేదు. నాగలతమ్మ పెన్ను మూత తీసింది.

డాక్టరు గారు ఆయన్ని పడుకోబెట్టి చూశారు. పాత బిళ్లల చీటీ అడిగి చదివారు. ఊపిరి లెక్కపెట్టారు. మార్ఫిన్ అర బిళ్లతో మొదలుపెడదామని రాసి ఇచ్చారు. హరిలాల్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి తన తాళం తీశాడు. హర్షిత బ్యాగులో చెయ్యి పెట్టింది. ఒక అర చూసింది, ఇంకో అర చూసింది. బ్యాగు బోర్లించింది. దువ్వెన, ఫోను ఛార్జరు, నేను పెట్టిన నిమ్మకాయ బయటపడ్డాయి. తాళంచెవి లేదు.

నా చెయ్యి బొడ్డు మీదికి పోయింది. ఇవ్వకపోతే ముత్యాలన్న తువ్వాలు కొరుకుతూనే ఉంటాడు. ఇస్తే నా పిల్ల చేత్తో ఇచ్చిన బిళ్లతో ఆయనకేమైనా అయితే? తప్పు నాదే అయినా మెమో వచ్చేది దానికే.

హర్షిత బల్ల కింద చూడలేదు. నా వైపు చూసింది. కన్న కూతురు, దానికి తెలియనిదేముంది.

"అమ్మా. నీ దగ్గరుందా?"

"అవ్" అన్నాను.

హరిలాల్ డబ్బా మీద చెయ్యి వేశాడు. డాక్టరు గారి కనుబొమలు పైకి పోయాయి. హర్షిత అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"ఏం భయమో చెప్పు. ఒక్కొక్కటి చెప్పు."

"అది తింటే అలవాటైతదంట."

"తాగుబోతుకు సారా అలవాటైనట్టు కాదమ్మా. డాక్టర్ చూసుకుంట, నొప్పికి తగ్గ లెక్కతోని ఇస్తే అట్లయ్యుడు చాన తక్కువ. అందుకే ఇచ్చి మర్చిపోం, మల్ల మల్ల పోయి చూస్తం."

"ఆఖరు మందంట. ఇచ్చినంక మనిషి ఉండడంట."

"నేనూ అదే విన్నానమ్మా" అంది వెనక నుంచి నాగలతమ్మ. ఇంకో నలుగురు తలలూపారు. "మా ఏరియాలో ఎవరికైనా రాస్తే, ఇంక చుట్టాలకు ఫోన్లు చేసుకుంటారు."

"ఆఖరు దినం దాంక దాచిపెట్టి ఇచ్చిన్రు గనుక అట్ల కనవడ్డది అక్కా. వాళ్లు రోగంతోని పోయిన్రు, బిళ్లతోని కాదు. ఉన్నన్ని దినాలు నొప్పితోనే ఉండాల్నని ఎవరు రాసిన్రు?"

"ఊపిరి ఆగిపోతే?" అని అడిగింది నాగలతమ్మ. ఇప్పుడు ఆమె గొంతులో వెక్కిరింత లేదు.

"లెక్క తప్పితే ప్రమాదమే. అందుకే అర బిళ్లతోని మొదలు. మనిషి మరీ మత్తుగ ఉన్నడా, ఊపిరి నిదానమైందా చూసుకుంటం. తప్పకుంట వచ్చే కష్టం ఒకటుంది, మలబద్ధకం. దానికి మందు మొదటి దినమే మొదలువెట్టాలె. ఇది రాసుకోండి, చాన మంది మర్చిపోతరు."

"అది నాకు ఇదివరకే ఉన్నది. పాత దోస్తే" అన్నాడు ముత్యాలు.

పెన్నులు గరగరా నడుస్తున్నాయి. పొద్దున పాఠానికి ఒక్క పేజీ రాయనివాళ్లు ఇప్పుడు నా భయాలన్నీ వరసగా రాసుకుంటున్నారు.

"మరి పోలీసులు?" అన్నాను, ఆఖరిది.

"రాసి ఇస్తే రారమ్మా. అందుకే గద రెండు తాళాలు, ఒక రిజిస్టరు. ఇంకేమన్న ఉందా?"

నేను వెతుక్కున్నాను. భయం కోసం నేను వెతుక్కోవడం అదే మొదటిసారి. బల్ల అటువైపు నుంచి ముత్యాలు గొంతు వినిపించింది.

"తల్లీబిడ్డలు జర జల్దీ కానియ్యండి. నేను ఈడ తొమ్మిది మీద కూసున్న."

బొడ్లోంచి తాళంచెవి తీసి హర్షిత అరచేతిలో పెట్టాను. వెచ్చగా ఉంది. అది తాళం తీసి, బిళ్లను సగం చేసి, హరిలాల్‌కు చూపించి, నీళ్లతో ఆయన చేత మింగించింది.

తర్వాతి ముప్పావుగంట నేను ఎలా గడిపానో అడగకండి. ఆయన ఊపిరి తీసినప్పుడల్లా నేనూ తీశాను. మొదట బొటనవేలు చెప్పును వదిలింది. తర్వాత బరువు ఎడమ చేతి మీది నుంచి జారింది. బతుకమ్మ ఏదో అడిగితే ఆయన మెడ తిప్పి చూశాడు, ఒక్క మెడే. ఆమె అడిగింది మరిచిపోయి నిలబడింది. తర్వాత కళ్లు మూసుకున్నాడు. తల ఒక పక్కకు వాలింది.

అయిపోయిందనుకున్నాను. హర్షిత ఆయన ఊపిరి లెక్కపెట్టి, బాగుందని చెప్పి అటు తిరిగింది. నాకు నమ్మకం లేదు. వంగి ఆయన ముక్కు కింద వేలు పెట్టాను.

"ఉన్న చెల్లె" అన్నాడు కళ్లు తెరవకుండానే.

రేకుల షెడ్డు ఎగిరిపోయేంత నవ్వు లేచింది. బతుకమ్మ నవ్వుతూ నవ్వుతూ నేల మీద కూలబడింది. ఆయన కూడా నవ్వాడు, ఈసారి చివరిదాకా నవ్వాడు, తువ్వాలు భుజం మీదే ఉంది. హర్షిత అట్ట పట్టుకొస్తే, మూడు అన్నాడు. తర్వాత నాకు ఆకలైతుంది, ఈ క్యారియర్‌ల ఏమున్నది అని అడిగాడు. పప్పుచారు, బెండకాయ వేపుడు ఉన్నాయి. నా కూతురు కోసం తెచ్చినదంతా ఆయనే తిన్నాడు. రెండో ముద్దకు, ఉప్పు తక్కువైంది చెల్లె అన్నాడు. రెండు నెలల తర్వాత ఆ మనిషి నోటి నుంచి తిండి గురించి వచ్చిన మొదటి మాట అదేనని బతుకమ్మ చెప్పింది.

డాక్టరు గారు గడియారం వైపు చూడలేదు. "జీపును ఖాళీగా పంపేద్దాం" అన్నారు. నాగలతమ్మ హర్షిత చెయ్యి పట్టుకుని, తన ఊళ్లో ఇలాగే సున్నా చెప్పేవాళ్లు ముగ్గురున్నారని, మళ్లీ పోయి అడుగుతానని చెప్పింది.

ఇక రిజిస్టరు మిగిలింది. హరిలాల్ దాన్ని తెరిచి, ఎవరికీ చెడు చేయడం ఇష్టంలేనివాడిలా గొంతు సవరించుకున్నాడు. "సార్, తాళంచెవి ఐదున్నర గంటలు సిస్టర్ దగ్గర లేదు. ఎవరి దగ్గర ఉన్నదో, ఎందుకున్నదో రాయాలె."

హర్షిత పెన్ను తీసుకుని, నా పొరపాటు వల్ల అని రాయబోయింది. నన్ను కాపాడడానికి అది మొదటి అక్షరం దిద్దుతుండగానే దాని చేతిలోంచి పెన్ను లాక్కున్నాను. ఏడో తరగతి అక్షరాలే, కొంచెం వంకర. తాళంచెవి ఎవరి దగ్గర అన్నచోట యశోద అని రాశాను, హర్షిత తల్లి అని పక్కనే రాశాను. ఉదయం ఏడు నుంచి పన్నెండున్నర. కారణం అన్న గడి దగ్గర చెయ్యి ఆగింది. చాలా సాకులు గుర్తొచ్చాయి. ఒక్కటీ రాయలేదు.

భయం, అని రాసి సంతకం పెట్టాను.

డాక్టరు గారు రిజిస్టరు తిప్పుకుని చదివారు. మళ్లీ చదివారు. ఫోను తీసి నంబరు నొక్కారు. "జయప్రకాశ్‌ని సార్. నాలుగింటికి వచ్చే జీపు ఖాళీగానే తిరిగొస్తుంది. కాదు సార్, అసలు విషయం అది కాదు. రిజిస్టరులో ఒక కారణం పడింది... లేదు సార్, స్టాఫ్ కాదు. స్టాఫ్ నర్సు వాళ్లమ్మ రాసింది... ఇక్కడే ఉంది."

ఫోను నా చేతికిచ్చారు. "జిల్లా వైద్యశాఖ పెద్దసారు. మీతోనే మాట్లాడతారంట."

హర్షిత నా పక్కకొచ్చి నిలబడింది. ఫోను చెవికి పెట్టుకున్నాను. అటువైపు మనిషి దగ్గి, "ఆ కారణం మీరే రాశారా అమ్మా?" అని అడిగారు.

"అవ్ సార్. నేనే రాసిన."

అటు నుంచి కాగితం మీద ఏదో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఆయన నన్నడిగింది విని, నేను ఫోను పట్టుకునే ముత్యాలన్న పక్కన బల్ల మీద కూర్చున్నాను. ఆయనేమడిగారో వచ్చే వారం చెప్తాను.